మాడిన పాల వాసన

ఊళ్లో ఆయన్ని అందరూ ముక్కు మాస్టారు అంటారు. బడిలో పాఠాలు చెప్పిన మనిషేమీ కాదు. సగం జీవితం కొండమీది డెయిరీలో చీజ్ తయారుచేసి, ఆ తర్వాత చీజూ చాక్లెట్టూ రుచి చూడ్డానికి వచ్చే జనాన్ని వ్యాన్‌లో తిప్పి చూపించే పనిలో కుదురుకున్నాడు. జనం ముందు నిలబడి వివరిస్తాడు కాబట్టి మాస్టారు. ముక్కు మాత్రం అంతకంటే పాత బిరుదు. వయసులో ఉన్నప్పుడు ఆయన ముక్కు అలాంటిది. పాల క్యాను మూత సగం తీయగానే, ఆవులు ఎండ పడే వైపు మేశాయో నీడ వైపు మేశాయో చెప్పేసేవాడు. నేలమాళిగలో చెక్క అరల మీద వరసగా పేర్చిన చీజ్ దిమ్మల మధ్య నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగి, "ఇది లోపల చెడుతోంది, పక్కన పెట్టండి" అనేవాడు. కోసి చూస్తే నిజమే అయ్యేది.

ఆ ముక్కు చచ్చిపోయి చాలా కాలమైంది. ఆ సంగతి డాక్టరుకీ, వ్యాన్ నడిపే బావమరిదికీ తప్ప మరొకరికి తెలియదు.

తెలియకుండా ఎలా నెట్టుకొస్తున్నాడయ్యా అంటే, జ్ఞాపకంతో. "నమలకండి. నాలుక మీద ఊరికే ఉంచండి. ముందు ఉప్పు తగులుతుంది. కాసేపాగితే ఎండుగడ్డి. ఇంకా ఆగండి, తొందరేముంది... ఇదిగో, ఇప్పుడు, అక్రోటు పొట్టు లాంటి వగరు" అంటాడు. జనం కళ్లు మూసుకుని తలలాడిస్తారు. "అబ్బ, అచ్చం మీరు చెప్పినట్టే వస్తోందండీ!" అని ఆశ్చర్యపోతారు. ఆయనా వాళ్లతోపాటు ఒక ముక్క నోట్లో వేసుకుని తృప్తిగా తలాడిస్తాడు. ఆయన నోటికి మాత్రం అది కాస్త ఉప్పు కలిపిన మైనం. మధ్యాహ్నం చాక్లెట్ దగ్గర తీపి కలిపిన మైనం.

డెయిరీలో ఉన్న రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసే పనిచేసేవాళ్లు. పిల్లలు లేరు. పాలు ఆవిడవి, దిమ్మలు ఆయనవి అని పని పంచుకున్నారు. పెద్ద రాగి కాగులో పాలు వెచ్చబెట్టడం, గడ్డకట్టే మందు కలపడం, గడ్డకట్టాక తీగల కత్తితో ముక్కలు చెయ్యడం అంతా ఆవిడ చేతిమీదే జరగాలి. గోడకి థర్మామీటరు వేలాడుతూ ఉండేది, కానీ అది తనిఖీకి వచ్చే అధికారుల కోసం. ఆవిడ మోచేతి దాకా చెయ్యి ముంచి, "ఇంకొంచెం" అనేది, లేకపోతే "చాలు" అనేది. అంతే కొలత. దిమ్మల్ని నేలమాళిగలోకి దించాక తిప్పడం, ఉప్పునీటి గుడ్డతో తుడవడం, వాసన చూడ్డం ఆయన వంతు. నీ పాలు పలచగా ఉన్నాయని ఈయనా, నీ ముక్కుకి జలుబు చేసిందని ఆవిడా దెప్పుకుంటూ ఉండేవాళ్లు. ఇద్దరూ నోటి దురుసు మనుషులే. కోపం వచ్చినంత వేగంగానే పోయేది.

ఒక చలికాలం పొద్దున ఆయన దిమ్మలు తిప్పడానికి కిందికి వెళ్లాడు. నేలమాళిగలో తడి రాతి గోడల వాసన, ముదిరిన చీజ్ ఘాటు తప్ప మరో వాసన ముక్కుకి చేరదు. పని ముగించుకుని మెట్లెక్కుతుండగా సగం దారిలోనే మాడిన పాల వాసన గుప్పుమంది. ఆయనకి ఒళ్లు మండిపోయింది. అన్నేళ్ల కాపురంలో ఆవిడ ఒక్కసారి కూడా పాలు మాడ్చలేదు.

"ఏం చేస్తున్నావే అక్కడ? పాలు మాడి చస్తున్నాయి, కళ్లు కనబడ్డం లేదా?" అని మెట్ల మీంచే కేకేశాడు.

జవాబు రాలేదు. పైకి వచ్చి, ముందు మంట ఆర్పాడు. కాగు అడుగున గరిటె పెట్టి గీకి చూశాడు. ఆ తర్వాతే కిటికీ వైపు తల తిప్పాడు. ఆవిడ అక్కడ గచ్చు మీద పక్కకి ఒరిగి ఉంది. ఒక చెయ్యి మోచేతి దాకా పాలతో తెల్లగా ఉంది.

గుండె ఆగిపోయిందన్నారు. ఒక్క క్షణంలో పోయి ఉంటుంది, బాధపడి ఉండదు అని డాక్టరు ఊరడించాడు. అయితే అంత పెద్ద కాగు అడుగంటాలంటే ఒక్క క్షణం చాలదని ఆయనకి తెలుసు. అంతసేపూ ఆవిడ అక్కడ ఎలా ఉందో, ప్రాణం ఎప్పుడు పోయిందో, మెట్ల మీంచి తను అరిచిన అరుపు ఆవిడ చెవిన పడిందో లేదో చెప్పగలిగినవాళ్లు లేరు. పడి ఉంటే, ఈ లోకంలో ఆవిడ విన్న ఆఖరి మాట అదే.

మరుసటి ఏడాది ఆయనకి పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ ముక్కుని కూడా పట్టుకుపోయింది. కొన్నాళ్లకి దానంతటదే తిరిగొస్తుందన్నారు. రాలేదు. వాసన తెలియనివాడికి నేలమాళిగలో ఏం పని? డెయిరీ వేరేవాళ్ల చేతికి పోయింది. ఆయన ఇంట్లో కూచుని గోడలు చూడ్డం మొదలుపెట్టాడు. అప్పుడు ఆవిడ తమ్ముడు, అంటే ఈ బావమరిది, ఎక్కడో పాత వ్యాన్ ఒకటి బేరమాడి తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టాడు.

"ముక్కు పోతే పోయింది, నోరుంది కదా బావా. నేను బండి తోలతాను, నువ్వు నోరు తోలు" అన్నాడు.

అలా మొదలైంది ఆ పని. పొద్దున కొండమీది డెయిరీలో చీజ్, మధ్యాహ్నం ఏటి ఒడ్డున చాక్లెట్ తయారుచేసే ఇల్లు, చీకటి పడకముందే తిరుగు ప్రయాణం.

జ్వరం తగ్గిన కొద్ది రోజులకే ఇంకొకటి జరిగింది. క్షవరం చేయించుకుంటున్నాడు. మెడమీద కత్తి ఉండగా ఉన్నట్టుండి మాడిన పాల వాసన ముంచెత్తింది. "ఎవరో పాలు పొయ్యి మీద వదిలేశారు, చూడండయ్యా" అంటూ కుర్చీలోంచి లేవబోయాడు. మంగలి చెయ్యి వెనక్కి లాక్కుని, "ఇక్కడ పాలెక్కడివండీ?" అన్నాడు. లేని వాసన తగలడం కొందరికి ఉంటుందని, భయపడాల్సిన పని లేదని డాక్టరు చెప్పాడు. ప్రపంచంలో ఇన్ని వాసనలుండగా ఆ ఒక్కటే ఎందుకు తగులుతోందో మాత్రం చెప్పలేకపోయాడు.

అప్పట్నుంచీ అది వస్తూనే ఉంది. ఇంట్లో వస్తుంది, వీధిలో వస్తుంది. డెయిరీలో రాగి కాగు పక్కన నిలబడితే మాత్రం తప్పకుండా వస్తుంది. ఎవరో గదిలోకి వచ్చి, పక్కన కాసేపు నిలబడి, మాటా పలుకూ లేకుండా వెళ్లిపోయినట్టు ఉంటుంది. మొదట్లో ఒళ్లు జలదరించేది. గబగబా మాట్లాడి జనాన్ని తోలుకుని బయటపడేవాడు. రాను రాను అలవాటైంది. కాగుకి ఇవతలి పక్కనే నిలబడేవాడు, కిటికీ వైపు చూడకుండా. వాసన వచ్చి పోయేదాకా ఆగి, అప్పుడు నోరు విప్పేవాడు.

ఇది ఇలా సాగుతుండగా, వానాకాలం చివర, మంచు బాగా దిగిన ఒక రోజు సంగతి.

ఆ రోజు వ్యాన్‌లో కొత్తగా పెళ్లయిన జంట, ఒకే ఆఫీసులో పనిచేసే స్నేహితులు కొందరు, ఒంటరిగా వచ్చిన ఒక నర్సమ్మ ఉన్నారు. నర్సమ్మ రిటైరై ఎంతోకాలం కాలేదు. మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, అందరూ తనకి రోగుల్లాగే కనబడతారు. కొండ మలుపులెక్కుతుండగా సంచీలోంచి సీసా తీసి మోకాళ్లకి ఏదో మందు రాసుకుంది. దాని ఘాటుకి వెనక సీట్లో అమ్మాయి తుమ్మింది. కొత్త పెళ్లికొడుకు కిటికీ తెరిచి తల బయట పెట్టాడు. బావమరిది స్టీరింగు మీదే దగ్గుతూ, "అమ్మా, అది మోకాళ్లకా, ఇంజనుకా?" అని అరిచాడు. అందరూ నవ్వారు. ఆవిడ పక్క సీట్లోనే కూచున్న ముక్కు మాస్టారు మాత్రం ఏమీ జరగనట్టు ముందుకి చూస్తూ, కొండగడ్డి రకాల గురించి చెప్పుకుపోతూనే ఉన్నాడు. నర్సమ్మ ఆయన వంక ఒకసారి చూసి, సీసా మూత బిగించింది.

డెయిరీలో ఎప్పటిలాగే జనాన్ని కాగు చుట్టూ నిలబెట్టాడు. పాలు వెచ్చగా ఆవిర్లు కక్కుతున్నాయి. ఆయన ఆగాడు. వాసన రాలేదు. జనం ఆయన నోటి వంక చూస్తున్నారు. ఇంకాస్త ఆగాడు. రాలేదు. రోజూ గుమ్మంలో ఎదురయ్యే మనిషి ఈ రోజు లేనట్టు, ఇల్లు తప్పి వచ్చినట్టు అయిపోయింది. మొదటిసారి ఆయన తల దానంతటదే కిటికీ వైపు తిరిగింది. గచ్చు శుభ్రంగా కడిగి ఉంది. దాని మీద రబ్బరు బూట్ల జత ఒకటి బోర్లించి ఉంది.

"పాలు..." అని మొదలుపెట్టి, ఏం చెప్పాలో మరిచిపోయాడు. డెయిరీ నడిపే ఆవిడే కల్పించుకుని మిగతాది చెప్పింది.

రుచి చూడ్డం అయ్యాక జనం ఫొటోలు తీసుకుంటుంటే ఆయన బయట బల్ల మీద కూచున్నాడు. నర్సమ్మ వచ్చి పక్కన చేరింది.

"మీకు వాసన తెలియదు కదండీ?" అంది మెల్లిగా.

ఎవరైనా విన్నారేమోనని ఆయన చుట్టూ చూశాడు.

"కంగారు పడకండి. వార్డులో ఇలాంటివాళ్లని చాలామందిని చూశాను. నా మందుకి డ్రైవరే ఏడ్చాడు, మీ కనురెప్ప కూడా కదల్లేదు. ఎవరితోనూ అనన్లెండి. కానీ మీరు చెబుతుంటే నాకు నిజంగా ఎండుగడ్డి వాసన వచ్చింది. అదెలా?"

"అది అబద్ధం కాదమ్మా" అన్నాడు ఆయన. "ఒకప్పుడు తిన్నదే చెబుతున్నాను. కాకపోతే తిని చాలా రోజులైంది."

"అసలేదీ తెలియదా?"

"ఒకటి తెలుస్తుంది. లేనిది" అన్నాడు ఆయన. ఆవిడ ఇంకేదో అడగబోయింది. అంతలో బావమరిది వ్యాన్ తలుపు కొడుతూ అందర్నీ పిలిచాడు.

చాక్లెట్ ఇల్లు ఏటి ఒడ్డున ఇరుకు సందులో ఉంది. కింద పనిచేసే గది, దుకాణం. పైన కాపురం. చాక్లెట్ చేసేది ఆ ఇంటి కొడుకు. దుకాణం చూసేది అతని భార్య. వాళ్లమ్మ పై అంతస్తులో ఉంటుంది. వ్యాన్ వచ్చినప్పుడల్లా కిందికి దిగి, ఆడవాళ్ల చీరలూ చెప్పులూ పరిశీలించి, "మాస్టారూ, ఈసారి మంచివాళ్లని తెచ్చావు" అనో, "వీళ్లనెక్కడ పట్టుకొచ్చావయ్యా" అనో తీర్పు చెప్పి వెళ్లడం ఆ పెద్దావిడ అలవాటు. ఆ రోజు దిగలేదు. మంచుకి బద్ధకించి ఉంటుందనుకున్నారు.

కోకో గింజలు వేయించే డ్రమ్ము గరగరా తిరుగుతోంది. ఇంకో పక్క రాతి రోలర్ల కింద గింజలు నలిగి ముద్దవుతున్నాయి. కొడుకు పాలరాతి బల్ల మీద కరిగిన చాక్లెట్ పోసి, వెడల్పాటి అట్లకాడతో పరుస్తూ, మళ్లీ దగ్గరికి తీస్తూ చల్లారుస్తున్నాడు. దుకాణం వైపు తలుపు తెరుచుకుని చల్లగాలి తోసుకొచ్చింది.

"తలుపు ముయ్యమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? గాలి తగిలితే తెల్లమచ్చలొస్తాయని తెలీదూ? అంతా పాడవుతోందిక్కడ!" అని భార్యని గట్టిగా కసిరాడు. ఆ యంత్రాల రొదలో అంతకన్నా మెల్లిగా చెబితే వినపడదు కూడా. తలుపు దభాలున మూసుకుంది.

ముక్కు మాస్టారు ఒక చాక్లెట్ పలక పైకెత్తి పట్టుకున్నాడు. "ముందు చెవితో రుచి చూడాలి. టప్పున విరగాలి. మెత్తగా వంగిందంటే..."

అప్పుడు వచ్చింది. ఎప్పుడూ రానంత గాఢంగా వచ్చింది. కాగు అడుగున నల్లగా పట్టిన పాల వాసన, కళ్లు చెమ్మగిల్లేంత ఘాటుగా.

చేతిలో పలక అలాగే ఉంది. పక్కనే ఉన్న నర్సమ్మ వైపు వంగి, "ఏదైనా మాడుతోందా?" అని అడిగాడు.

ఆవిడ గాలి పీల్చి చూసింది. "చాక్లెట్ తప్ప ఇంకే వాసనా లేదండీ."

అయితే అదే. పొద్దున రానిది ఇప్పుడు వచ్చింది. ఆగితే అదే పోతుంది. ఆయన పలక విరిచాడు. జనం చేతులు చాపారు. ముక్కలు పంచుతూ ఒక అడుగు పక్కకి వేశాడు. వాసన పలచబడింది. మళ్లీ వెనక్కి వేశాడు. ఎక్కువైంది. ఇన్నేళ్లలో అది ఒక చోటినుంచి వచ్చినట్టు ఎప్పుడూ లేదు. ఎక్కడుంటే అక్కడ చుట్టూ కమ్ముకునేది. ఇప్పుడు దానికో దారి ఉంది. డ్రమ్ము వెనకనుంచి, మెట్ల వైపునుంచి వస్తోంది.

కొత్త పెళ్లికూతురు ఏదో అడిగింది. జవాబు చెప్పకుండానే ఆయన మెట్ల దగ్గరికి నడిచాడు. అడుగు మెట్టు మీద కాలు పెట్టగానే అరవబోయాడు. ఆ పాత మాటే నాలుక చివరిదాకా వచ్చింది. పెదాలు బిగబట్టుకుని, ఆ వయసులో ఎక్కగలిగినంత వేగంగా ఎక్కాడు.

వంటింటి తలుపు దగ్గరగా వేసి ఉంది. నెట్టాడు. పొయ్యి వైపు చూడలేదు. చూడకూడదని ఆయన అనుకోలేదు, చూపే అటు పోలేదు. పెద్దావిడ గిన్నెల గూటి కింద, గోడకి చేరబడి కూలిపోయి ఉంది. మొహం బూడిదరంగులో ఉంది. పెదాలు కదులుతున్నాయి.

ఆయన నేలమీద కూలబడి ఆవిడ తల ఒళ్లోకి తీసుకున్నాడు. "అమ్మా, నేనున్నాను. ఏం ఫర్వాలేదు, నేను వచ్చేశాను" అన్నాడు. తర్వాత ఇల్లు అదిరేలా నర్సమ్మని పిలిచాడు.

నర్సమ్మ మోకాళ్ల నొప్పి మరిచి పరిగెత్తుకొచ్చింది. నాడి చూసింది. రవికె హుక్కులు వదులు చేసి, కిటికీ తెరిపించి, ఆవిడ వీపుకి దిండు పెట్టి కూచోబెట్టింది. కొడుకు చేతులనిండా చాక్లెట్‌తో గుమ్మంలో కొయ్యబారిపోయాడు. కోడలే అంబులెన్సుకి ఫోన్ చేసింది. కాసేపటికి సందులో సైరన్ మోగింది. గుండెపోటు, ఇంకాస్త ఆలస్యమైతే చేతులెత్తేయాల్సి వచ్చేదని ఆసుపత్రిలో చెప్పారట. చెప్పినవాళ్లు నర్సమ్మనీ మాస్టారినీ ఇద్దరినీ మెచ్చుకున్నారట.

అందరూ కిందికి దిగాక ఆయన ఒక్కడే వంటింట్లో మిగిలాడు. వాసన పోయింది. ఎప్పుడు పోయిందో గమనించలేదు. పొయ్యి ఆర్పుదామని దగ్గరికి వెళ్లాడు.

పొయ్యి వెలిగించి లేదు.

గిన్నెనిండా పాలున్నాయి. తెల్లగా, మీగడ కూడా కట్టకుండా. ఆయన వేలు ముంచాడు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లదనం ఇంకా కొంచెం మిగిలే ఉంది. గిన్నె ఎత్తి అడుగు చూశాడు. మెరుస్తోంది. గిన్నె అక్కడే పెట్టి, బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

తిరుగు ప్రయాణంలో జనాన్ని దింపేశాక బావమరిది ఇంజను ఆపి, తల తిప్పకుండానే అడిగాడు.

"ఏదో మాడుతోందా అని నర్సమ్మని అడిగావట కదా బావా? నీ ముక్కు తిరిగొచ్చిందా?"

"పాలు మాడలేదురా. పొయ్యే వెలిగించలేదు. నా చేత్తో ముట్టుకుని చూశాను, చల్లగా ఉన్నాయి."

బావమరిది అప్పుడు తల తిప్పి ఆయన వంక చూశాడు.

"అక్కేనంటావా?" అన్నాడు.

"ఏమో. ఏమనాలో నాకు తెలీదు."

"డెయిరీలో రాలేదన్నావుగా పొద్దున."

"రాలేదు."

"ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్లుంటుంది" అని, ఆ మాటకి తనే ఉలిక్కిపడి, బండి స్టార్టు చేశాడు.

ఆ తర్వాత ఆ వాసన మళ్లీ రాలేదు.

మర్నాడు రాలేదు. ఆ వారం మళ్లీ డెయిరీకి వెళ్లినప్పుడూ రాలేదు. చలికాలమంతా కాగు పక్కన నిలబడి ఎదురుచూశాడు. ఏళ్ల తరబడి ఎప్పుడు వదులుతుందా అని తపించిన మనిషి, ఇప్పుడు అది లేక ఇంట్లో గదులన్నీ తిరగసాగాడు. నిద్ర లేవగానే గాలి పీల్చి చూసేవాడు. ఏమీ ఉండేది కాదు. భయపెట్టడానికైనా పోయిన భార్యవైపునుంచి మిగిలింది అదొక్కటే, అదీ పోయింది.

ఒక మధ్యాహ్నం బావమరిది ఇంటికొచ్చేసరికి వంటింట్లోంచి పొగ వస్తోంది. దగ్గుకుంటూ లోపలికి పరిగెత్తాడు. ముక్కు మాస్టారు పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. గిన్నెలో పాలు ఎప్పుడో ఇగిరిపోయి, అడుగు నల్లగా బొగ్గయి, పొగలు కక్కుతోంది. ఆ పొగలోకి మొహం వంచి, కళ్లు మూసుకుని, గుండెల నిండా ఊపిరి పీలుస్తున్నాడు.

"బావా! ఏంటిది, ఇల్లు తగలబెడతావా?" అని గిన్నె లాగి బయటికి విసిరి, కిటికీలన్నీ తెరిచాడు. "వీధంతా మాడు కంపు!"

"కంపు కొడుతోందా?" అని అడిగాడు ఆయన. "బాగా కొడుతోందా?"

"ముక్కు పగిలిపోతోంది."

"నాకేం తెలియడం లేదురా" అన్నాడు ఆయన. పొగకో మరెందుకో కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. బావమరిది తువ్వాలు తడిపి తెచ్చి ఆయన మొహం తుడిచాడు.

చలికాలం వెళ్లాక పెద్దావిడ ఆయన్ని పైకి పిలిపించింది. కొంచెం చిక్కింది గానీ కళ్లలో చురుకు అలాగే ఉంది. కొడుకూ కోడలూ కింద పనిలో ఉన్నారు. కుర్చీ చూపించి కూచోమంది.

"నీకెలా తెలిసిందయ్యా మాస్టారూ? పాలగిన్నె పెట్టాను, వెలిగిద్దామని వంగాను, అంతే. గిన్నె కూడా కింద పడలేదు, చప్పుడు కాలేదు. అడుగుదామంటే మావాడు, అమ్మా నువ్వు అలిసిపోతావు అంటాడు. అలిసిపోవడానికి నేనేం కొండెక్కుతున్నానా? చెప్పు."

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ముక్కు పోయిన సంగతి చెప్పాడు. వాసన సంగతి చెప్పాడు. చెబుతూ చెబుతూ, ఎవరికీ, బావమరిదికి కూడా చెప్పని మెట్ల మీది కేక సంగతీ చెప్పేశాడు. "పాలు మాడి చస్తున్నాయన్నానమ్మా. పైకొచ్చి కూడా ముందు మంటే ఆర్పాను. అది ఆవిడ విన్నదో లేదో."

పెద్దావిడ కొంగు సర్దుకుని, కింద డ్రమ్ము తిరుగుతున్న చప్పుడు వింటూ కూచుంది.

"నేను పడిపోయి ఉన్నానా, ఒళ్లు నా మాట వినడం లేదు, నోరు పెగలడం లేదు. అంతా దూరమైపోతోంది" అంది. "అప్పుడు కింద మావాడు కోడల్ని కసురుకోవడం వినబడింది. తలుపు ముయ్యలేదనో ఏదో. వాడి గొంతు. అది వినగానే ఎంత హాయిగా అనిపించిందో నీకు చెప్పలేను. హమ్మయ్య, నేను ఇంట్లోనే ఉన్నాను, మావాళ్లు ఇక్కడే ఉన్నారు అనిపించింది. వాడు ఏమంటున్నాడో నాకు పట్టలేదయ్యా. వాడి గొంతు చాలింది."

ఆయన తల వంచుకున్నాడు. ఆవిడ లేచి నిదానంగా వంటింట్లోకి వెళ్లి, కాఫీ కలిపి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "వేడిగానే ఉంది. తాగు" అంది. తాగాడు. కింద ఎవరో గట్టిగా నవ్వారు.

ఆ వసంతంనుంచి ముక్కు మాస్టారు వ్యాన్ కదలగానే జనానికి ఉన్నమాట చెప్పేస్తున్నాడు. "నాకు వాసనా రుచీ తెలియవండీ. ఒకప్పుడు ఎలా ఉండేవో చెబుతాను. ఇప్పుడెలా ఉన్నాయో మీరు నాకు చెప్పాలి" అంటాడు. వ్యాపారం దెబ్బతింటుందని బావమరిది గింజుకున్నాడు గానీ, అలాంటిదేమీ జరగలేదు. జనం పోటీలుపడి చెబుతారు. ఒకరు వాన పడ్డ మట్టి అంటారు, ఒకరు బడి సంచీ అంటారు, ఒకమ్మాయి మా అమ్మమ్మ పెట్టె అంది. ఆయన ప్రతి మాటా శ్రద్ధగా వింటాడు.

డెయిరీలో మాత్రం, అందరూ నేలమాళిగ మెట్లు దిగాక, ఆయన ఒక్కడే కాసేపు పైన ఉండిపోతాడు. ఇప్పుడు కిటికీ వైపే నిలబడతాడు. పాలు ఆవిర్లు కక్కుతూ ఉంటాయి. కింద మెట్ల మీంచి ఎవరో "మాస్టారూ, రారా?" అని పిలుస్తారు. "వస్తున్నా" అంటాడు గానీ వెంటనే కదలడు. ఊపిరి లోపలికి తీసుకుని, కొంచెంసేపు బిగబట్టి, వదులుతాడు. మళ్లీ తీసుకుంటాడు.